కంచె మీద తెల్లచొక్కాలు

వంటింట్లోంచి మాడిన వాసన వస్తోంటే విల్లా మంచం దిగకముందే పెదవి విరిచింది. ప్రెస్టన్ మళ్లీ పాన్‌కేకులు వేస్తున్నాడన్నమాట. శాక్రమెంటో నగరంలో కార్పెట్ల కొట్టు నడుపుకునే మనిషి, అమ్మను పెళ్లాడి ఈ నెవాడా కొండల్లోకి వచ్చిపడ్డాడు. గుర్రం ఎటువైపు తన్నుతుందో తేల్చుకునేలోపే తన్నించుకునే రకం. పైగా రోజూ రాత్రి కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటాడు. పేడ తొక్కే బూట్లకు పాలిష్! మనిషి ఎంత పనికిమాలినవాడో చెప్పడానికి పదకొండేళ్ల విల్లాకు అదొక్కటి చాలు.

"ఇదిగో, ఇది మాడలేదు," అంటూ అతను పళ్లెం ముందుకు జరిపాడు.

"రెండోవైపు తిప్పి చూశారా?"

అమ్మ నోరీన్ కాఫీ కప్పు కాస్త గట్టిగానే బల్లమీద పెట్టింది. "విల్లా, ఏమిటా మాటలు?"

"ఏమన్నాను? తిప్పి చూశారా అని అడిగాను."

ప్రెస్టన్ తిప్పి చూశాడు. నల్లగా ఉంది. నవ్వేసి దాన్ని తన పళ్లెంలో వేసుకున్నాడు. ఆ నవ్వంటేనే విల్లాకు ఒళ్లుమంట. నాన్నయితే పళ్లెం గోడకేసి కొట్టేవాడు. మగాడంటే అలా ఉండాలి.

"కంచె నిన్నటితో పూర్తయింది నోరీన్," అన్నాడు ప్రెస్టన్. "పక్కవాళ్ల ఆవులు ఇక మన గడ్డిలోకి రాలేవు. తీగ ఎంత బిగువుగా వచ్చిందో నువ్వు చూడాలి."

విల్లా తలొంచుకుని తినసాగింది. ఆ కంచె ఆమె నిన్ననే చూసింది. కొండ కింద పాత స్నానాల తొట్టి ఒకటి ఉంది. ఎండాకాలం ఊట ఎండిపోయాక అడవి గుర్రాలు సాయంత్రాలు అక్కడికే నీళ్లకు వస్తాయి. పోయిన చలికాలం నాన్న ఇల్లు వదిలి ఎల్కో పట్నానికి వెళ్లిపోయినప్పటి నుంచి ఆ తొట్టికి గొట్టం లాక్కెళ్లి నింపుతున్నది విల్లాయే. అమ్మానాన్నల గొడవల్లో ఆమె చేతికి మిగిలిన పని అదొక్కటే. నిన్న గుర్రాలు తాగి వెళ్లాక, సరిగ్గా వాటి దారికి అడ్డంగా ప్రెస్టన్ ఆఖరి ముళ్లతీగ బిగించాడు.

కొత్త తీగ గుర్రాల కంటికి ఆనదు. దాహంతో పరిగెత్తుకొచ్చి దాన్లోకి దూసుకుపోతాయి. అందుకే ఆ చుట్టుపక్కల ఎవరు కొత్త కంచె వేసినా, పనిముట్లు సర్దకముందే తీగలకు తెల్లగుడ్డలు కడతారు. అవి ఊగుతుంటే గుర్రాలు ఆగుతాయి. ఇది పసిపిల్లలకూ తెలుసు, ప్రెస్టన్‌కు తెలియదు. విల్లా చెప్పలేదు. ఇవాళ నాన్న వస్తానన్నాడు. వచ్చి, ఉత్త తీగలు చూసి, అమ్మ ముందే ఈ మనిషిని నాలుగు దులుపుతాడు. అప్పుడు అమ్మకు కళ్లు తెరుచుకుంటాయి.

మధ్యాహ్నం దాటింది. నాన్న రాలేదు. విల్లా ఫోన్ చేసింది.

"ఇవాళ్టికి కుదరదు బంగారం," అన్నాడు నాన్న వేడ్. వెనక జనం కేకలు వినిపిస్తున్నాయి. "ఇక్కడ రోడియో పోటీలున్నాయి."

"నాన్నా, ఆయన గుర్రాల దారికి అడ్డంగా కంచె వేశాడు. గుడ్డలు కట్టలేదు."

"కట్టలేదా?" అవతల పెద్ద నవ్వు. "కంచె అంటే కూడా నేలమీద పరిచేదే అనుకున్నాడేమో మీ కార్పెట్లాయన."

విల్లాకూ నవ్వొచ్చింది.

"నువ్వేం చెప్పకు," అన్నాడు వేడ్. "ఒక్క గుర్రం అందులో పడి పొట్ట చీల్చుకుందంటే మీ అమ్మకు తెలిసొస్తుంది, ఎలాంటివాణ్ణి కట్టుకుందో."

"బూడిదరంగు గుర్రం పిల్లతో వస్తుంది నాన్నా."

"పోతే పోనీ. అడవి గుర్రాలకేం కరువు?"

విల్లా ఫోన్ పెట్టేసింది. నాన్న అన్నది తను నిన్నటి నుంచీ మనసులో అనుకుంటున్నదే. కాకపోతే ఆమె అనుకున్నప్పుడు ఆ గుర్రం, దాని పిల్ల కళ్లముందు లేవు. తనమీద తనకే అసహ్యం వేసింది.

వంటింట్లోకి పరిగెత్తి చెప్పేసింది. అమ్మ ముఖం ఎర్రబడింది. "నిన్ననే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నాన్న వచ్చి ఈయన్ని తిట్టాలని."

"ఈయన్ని తిట్టించడానికి గుర్రాల్ని చంపుకుంటావా? మీ నాన్న పోలికలన్నీ..."

"నోరీన్, అదంతా తర్వాత," అన్నాడు ప్రెస్టన్. "తెల్లగుడ్డలేం ఉన్నాయి ఇంట్లో?"

దుప్పట్లన్నీ పూలవి. అతను పడకగదిలోకి వెళ్లి కొట్లో వేసుకునే తెల్లచొక్కాలు కొక్కేలతో సహా పట్టుకొచ్చాడు. ఇస్త్రీ మడత నలగకుండా దాచుకున్నవి. అవి అక్కడ వేలాడుతున్నంతకాలం ఈయన ఏదో ఒకరోజు వెనక్కి పోతాడని విల్లా ఆశపడేది.

"ఇవి మళ్లీ మీకు కావాలేమో," అంది నెమ్మదిగా.

"పోతానని ఎదురుచూస్తున్నావు, నాకు తెలుసు," అన్నాడు అతను చొక్కా చేతులు చింపుతూ. "పద."

ఇద్దరూ కంచె పొడవునా గుడ్డపీలికలు కట్టుకుంటూ పోయారు. అమ్మ కంచె చివర ఉన్న గేటు తెరిచి పక్కన నిలబడింది. పొద్దువాలేసరికి కొండమీద దుమ్ము లేచింది. ముందు బూడిదరంగు ఆడగుర్రం, దాని పక్కనే పిల్ల. నేరుగా కంచె మీదికే వస్తున్నాయి. గుడ్డలు గాలికి తపతపలాడాయి. ఆడగుర్రం ముందుకాళ్లు నేలలో గుచ్చి ఆగిపోయింది. పిల్ల వెళ్లి దాని తొడకు గుద్దుకుంది. తల్లి ఒకసారి బుసకొట్టి, కంచె పక్కనే నడుచుకుంటూ పోయి, గేటులోంచి తొట్టి దగ్గరకు చేరింది. మిగతావీ దాని వెనకే వెళ్లాయి.

విల్లా అక్కడే కూలబడి ఏడ్చింది. "నిన్ననే చెప్పాల్సింది."

"నిన్ననే నేను నిన్ను అడగాల్సింది," అన్నాడు ప్రెస్టన్. అతని వేళ్లు ముళ్లకు గీరుకుని నెత్తురోడుతున్నాయి.

ఆమె ముక్కు తుడుచుకుని, అతను కట్టిన ముడి చూసింది. "ఇదేం ముడి? పుట్టినరోజు కానుకకు కట్టినట్టుంది. తెల్లారేసరికి ఊడిపోతుంది."

"మరెలా కట్టాలి?"

ఎలా చెయ్యాలని నాన్న ఆమెను ఎప్పుడూ అడగలేదు. విల్లా అతని వేళ్లు పట్టుకుని గుడ్డ రెండుసార్లు తిప్పించింది. "ఇలా. ఇప్పుడు లాగు. ఇంకా గట్టిగా లాగు, ప్రెస్టన్."

అతను లాగాడు. ఆ గుడ్డతోపాటు అతను కట్టిన మిగతా ముడులన్నీ ఆమె మళ్లీ కట్టించింది. చివర్న అతని కాళ్లవైపు చూసింది.

"నీ బూట్లు చూడు, ఎలా అయ్యాయో."

"రాత్రికి పాలిష్ పెట్టుకుంటాలే."

"వద్దు," అంది విల్లా. "అలాగే ఉండనీ."