మూడో కంప్యూటర్ మీది చీటీ

మార్చి నెలాఖరున, మిట్టమధ్యాహ్నం, మదీనాగూడ మెయిన్ రోడ్డు మీద కాలు పెట్టాలంటే ఎంతో అవసరం ఉండాలి. టైర్ల కొట్టు పైనున్న ఆఫీసుకి మెట్లెక్కి వచ్చిన పెద్దమనిషికి అంత అవసరమూ ఉన్నట్టే ఉందని జాయ్స్ అనుకుంది. చొక్కా అంతా తడిసిపోయింది. చేతిలో కాగితాల కట్ట ఉంది.

"ఈడ డిటెక్టివ్ మేడం అంటే మీరేనా అమ్మా?"

"నేను కాదండీ, ఆవిడ," అని జాయ్స్ కుర్చీలో వాలి కళ్లు మూసుకున్న వీరలక్ష్మిని చూపించింది.

వీరలక్ష్మి బ్యాంకు విజిలెన్సులో పద్దెనిమిదేళ్లు పనిచేసి, పైవాళ్లతో పొసగక బయటికొచ్చి, ఈ డిటెక్టివ్ బోర్డు తగిలించి ఆరేళ్లయింది. కేసులైతే తేలుతున్నాయి గానీ ఆవిడ అలసట మాత్రం తీరడం లేదు. వచ్చినవాళ్లు ఆవిడ నిద్రపోతోందనుకుంటారు. రెండేళ్లుగా అసిస్టెంటుగా పక్కనే ఉన్న జాయ్స్‌కి తెలుసు, ఆవిడ కళ్లు మూసుకుంటేనే చెవులు బాగా పనిచేస్తాయని.

"ముందు మంచినీళ్లు తాగండి. తర్వాత చెప్పండి," అంది వీరలక్ష్మి కళ్లు తెరవకుండానే.

వచ్చినాయన పేరు ఓబులేసు. అనంతపురం వైపు మనిషి. యాభై రెండేళ్లుంటాయి. ఇరవై ఏడేళ్లు కాంట్రాక్టర్ల దగ్గర లెక్కలు రాశాడు. హైటెక్ సిటీలో కొత్తగా దిగిన ఆరోహ డేటా సర్వీసెస్ వాళ్లు ఏడాది క్రితం ఆయన్ని స్టోర్సు గుమాస్తాగా తీసుకున్నారు. ఇప్పుడు ఆ స్టోర్సు మూసేసి, అమెరికా దుకాణాల లెక్కలు ఇక్కడ కూర్చుని రాసే సెక్షన్ పెడుతున్నారు. అందులో ఉద్యోగం ఒక్కటే ఉంది. ఆశపడినవాళ్లు ఇద్దరు, ఓబులేసు, కిరణ్ అనే కుర్రాడు. ఇద్దరినీ ఇంటర్నెట్‌లో ఒక అమెరికా సంస్థ చెప్పే అకౌంటింగ్ కోర్సులో చేర్పించారు. కోర్సంటే మరేం కాదు, ఓనమాలు. ఇరవై ఏడేళ్లు లెక్కలు రాసిన మనిషిని ఓనమాలు దిద్దుకుని రమ్మనడం ఏం మర్యాదో ఆ కంపెనీకే తెలియాలి. ఆయన మాత్రం నోరెత్తకుండా నాలుగు నెలలు శేరిలింగంపల్లిలో రాబిన్ నడిపే ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి దిద్దుకున్నాడు.

"ఆఖరి పరీక్ష శుక్రవారం నుంచి ఆదివారం దాకా పెట్టినారు మేడం. ఎప్పుడైనా రాసి పంపచ్చు. నేను ప్రశ్నలు అచ్చు తీసుకోని, ఇంటికాడ పెన్సిలుతో చేసుకోని, శనివారం ఆ సెంటర్లో టైపు కొట్టినా. అంతలోకే లైను పాయ. ఫ్లాపీ ఆడనే పెట్టి, ఆదివారం పొయ్యి పంపినా. నిన్న అమెరికా నుంచి ఈమెయిల్లో ఉత్తరమొచ్చింది, నాదీ కిరణ్‌దీ ఒకటే మాదిరి ఉండాయంట. ఆయప్పది శనివారమే చేరింది గాబట్టి, నేనే చూసి రాసినానంట."

ఆయన గ్లాసులో మిగిలిన నీళ్లు తాగాడు. మళ్లీ అందుకున్నాడు.

"ఉద్యోగం పోతే పోనీ మేడం, యాడనో ఒక చోట రాసుకుంటా. ఇరవై ఏడేండ్లు క్యాష్ పెట్టె తాళం నా మొలకే ఉండింది. ఈ వయసులో దొంగ అనే మాట మోయలేను. రేపు సాయంత్రంలోగా రాజీనామా ఇయ్యమన్నారు. మా ఇంటామె పార్వతమ్మే మీ దగ్గరికి పొమ్మని పంపించింది."

వీరలక్ష్మి కళ్లు తెరిచింది. రెండు జవాబు పత్రాలూ, ప్రశ్నపత్రమూ బల్ల మీద పరిచి, "జాయ్స్, నువ్వు చదువు," అంది.

జాయ్స్ వేలు పెట్టి వరసగా చదివింది. రెండూ మక్కీకి మక్కీ. అక్టోబరు ఒకటిన కొన్న యంత్రానికి ఇద్దరూ ఆరు నెలల తరుగుదల వేశారు. వాక్యాలు కూడా ఒకటే. తేడా ఉన్నది ఒక్కచోటే, 5,420 ఉండాల్సిన చోట ఓబులేసు కాగితంలో 4,520 అని పడింది. కిరణ్ కాగితంలో సరిగ్గానే ఉంది.

"అది ఒంటి వేలితో టైపు కొట్టేటప్పుడు తారుమారైంది," అన్నాడు ఓబులేసు. "చూసి రాసినోడే గదా తప్పులు రాసేది అని అమెరికావాళ్లు అది గూడా పట్టుకున్నారు."

వీరలక్ష్మి ప్రశ్నపత్రం పైభాగాన్ని మాత్రం చాలాసేపు చూసింది. అక్కడ 'డిసెంబరు 31తో ముగిసిన సంవత్సరానికి' అని ఉంది.  చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ, "పద," అంది.

రాబిన్ సెంటర్లో ఐదు కంప్యూటర్లున్నాయి, టెలిఫోను లైను మాత్రం ఒకటే. మూడో కంప్యూటర్ అంచుకి చిన్న చీటీ అంటించి ఉంది. అందులో నీలం సిరాతో, 'అంకుల్! మార్చి కాదు, డిసెంబరు' అని రాసి ఉంది.

"గది కిరణ్ రాసి పెట్టిండు మేడమ్," అన్నాడు రాబిన్ నవ్వుతూ. "పెద్దాయన ఊకె మర్చిపోతడని. ఇద్దరూ రోజూ గీడనే కూసునేటోళ్లు. పెద్దాయన కిరణ్‌కు లెక్కలు చెప్తడు, కిరణ్ పెద్దాయనకు మౌస్ పట్టుడు నేర్పుతడు."

"శనివారం ఏం జరిగింది?"

"నాలుగింటికి పెద్దాయన టైపు కొట్టుడు అయింది. గప్పుడే ఎవరో రోడ్డు తవ్వి కేబుల్ తెంపిన్రు. ఫ్లాపీ మీద పేరు రాసి ఈ డబ్బాల ఏసి పోయిండు. అందరివీ గిండ్లనే ఉంటయి. ఆరింటికి లైనొచ్చింది."

కిరణ్ పత్రం శనివారం సాయంత్రం మన టైము ఆరూ నలభైకి అమెరికా చేరిందని ఉత్తరంలో ఉంది. జాయ్స్ రిజిస్టరు తిరగేసింది. శనివారం ఆరు తర్వాత ఒక్క పేరూ లేదు. కిరణ్ పేరు ఆ రోజు అసలే లేదు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఉంది. ఎదురుగా ఐదు నిమిషాలని రాసి ఉంది.

"ఐదు నిమిషాలేనా?"

"అవును మేడమ్. కూసున్నడు, ఏందో చూసిండు, మొహం గింతైంది, లేచి పోయిండు. జర పరేషాన్‌గ ఉండె. గా ఐదు నిమిషాలు బిల్లుల గూడ ఎయ్యలే నేను."

"ఈ రిజిస్టర్లో సంతకం పెట్టకుండా లోపలికొచ్చేవాళ్లుంటారా?"

"గంటలెక్కన కూసునేటోళ్లే పెడతరు. బిల్లులు కట్టేటోళ్లు, నీళ్ల క్యానాయన, గాళ్లకెందుకు?"

"శనివారం ఆరు తర్వాత నువ్విక్కడే ఉన్నావా?"

"పక్కకు చాయ్ తాగనీకి పోయిన. పావుగంట."

వీరలక్ష్మి రసీదు పుస్తకం అడిగి, ఇరవై ఏడో తారీకు, శనివారం నాటి రసీదు దగ్గర ఆగింది. ఆరోహ డేటా సర్వీసెస్, ఇద్దరి కోర్సు గంటలకి నెల బిల్లు. మరేమీ అడక్కుండా పుస్తకం మూసి ఇచ్చేసింది.

ఆరోహ ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది, మనుషుల మొహాలే వాడిపోయి ఉన్నాయి. ఆ రోజు మార్చి ముప్పై ఒకటి. అకౌంట్సు ఆఫీసరు మధుసూదన్ బల్ల మీద ఫైళ్లు మెడ దాకా ఉన్నాయి.

"ఊపిరాడట్లేదండి," అన్నాడు తల ఎత్తకుండా. "ఓబులేసుగారి సంగతి నాకూ బాధగానే ఉందండి. వయసైపోయిన మనిషి, ఏదో కక్కుర్తిపడ్డాడు."

"ఆ కోర్సు మీరూ చూశారా?"

"నేనెందుకండీ చూడటం? పదిహేనేళ్లుగా అకౌంట్సులో ఉన్నాను. అది చిన్నపిల్లల పాఠం. బిల్లులు కట్టడం, వాళ్లిద్దరికీ పాస్‌వర్డులు పంచడం, అంతవరకే నా పని."

కిరణ్ మధుసూదన్‌కి స్వయానా బావమరిది అన్న సంగతి మేనేజరు పద్మావతి చెప్పింది. ఆ కుర్రాడిని క్యాంటీన్లో పట్టుకున్నారు. ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది.

"పేపర్ శనివారం పంపాను మేడమ్," అన్నాడు.

"ఎక్కడ్నుంచి?"

"సెంటర్ నుంచే." కళ్లు గ్లాసు మీంచి పైకి లేవలేదు.

బయటికొచ్చాక జాయ్స్ ఉండబట్టలేక, "పచ్చి అబద్ధం మేడమ్. వీడే దొంగ," అంది.

"అబద్ధమే. కానీ దొంగతనం చేసినవాడు ఆదివారం మళ్లీ ఎందుకొచ్చాడు? రేపు పొద్దున పదింటికి అందర్నీ రాబిన్ సెంటర్‌కి రమ్మను. నాకు కాళ్లు లాగుతున్నాయి, ఆటో పిలువు."

మర్నాడు ఆ ఇరుకు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పద్మావతి, మధుసూదన్, కిరణ్, రాబిన్ కూర్చున్నారు. ఓబులేసు రాజీనామా కాగితం జేబులో పెట్టుకునే వచ్చాడు. కూర్చోమన్నా గోడ వారగా నిలబడ్డాడు. వీరలక్ష్మి మూడో కంప్యూటర్ పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా మొదలుపెట్టింది.

"ఈ పరీక్షలో యంత్రం కొన్నది అక్టోబరు ఒకటిన. సంవత్సరం ముగిసేది డిసెంబరు ముప్పై ఒకటిన, వాళ్ల దేశపు లెక్క ప్రకారం. అంటే తరుగుదల ఎన్ని నెలలకి వెయ్యాలి? కిరణ్, నువ్వు చెప్పు."

"మూడు," అన్నాడు కిరణ్ తడుముకోకుండా. అన్నాక తల దించుకున్నాడు.

"రెండు కాగితాల్లోనూ ఆరు నెలలకి వేసి ఉంది. అక్టోబరు నుంచి మార్చి దాకా. ఇరవై ఏడేళ్లు మార్చి నెలాఖరుకి లెక్కలు మూసిన చెయ్యి ఓబులేసుగారిది. ఇంటి దగ్గర పెన్సిలు పట్టుకుంటే ఆ చెయ్యి డిసెంబరు దగ్గర ఆగదు. మొదట్నుంచీ ఆయనది అదే తప్పు, అందుకే ఇక్కడ ఈ చీటీ ఉంది. కాబట్టి ఈ జవాబు పుట్టింది ఆయన దగ్గరే. శనివారం సాయంత్రం ఆయన ఫ్లాపీ డబ్బాలో ఉంది, రాబిన్ టీ తాగడానికి వెళ్లాడు. దాన్ని తీసి ఎవరో కిరణ్ పేరుతో పంపారు."

"కిరణేనా?" అంది పద్మావతి.

"ఆ చీటీ రాసిందే కిరణ్. ఆరు నెలలని కనిపించగానే దిద్దేసేవాడు. కాపీ కొట్టినవాడు ఊరికే కొట్టలేదమ్మా, లెక్కలు సరిచూసుకున్నాడు. టైపులో తారుమారైన అంకెని పట్టుకుని 5,420 చేశాడు. అంత చూసినవాడికి ఆరు నెలలు తప్పని ఎందుకు తోచలేదు? వాడి సంవత్సరం కూడా మార్చిలోనే ముగుస్తుంది కాబట్టి. అకౌంట్సులో పండినవాడు, ఈ కోర్సులో ఒక్క పాఠం కూడా చదవనివాడు. కిరణ్ పాస్‌వర్డు తెలిసినవాడు. శనివారం ఇక్కడ నెల బిల్లు కట్టి, సంతకం అక్కర్లేకుండా కూర్చోగలిగినవాడు."

 రాబిన్ మెల్లగా, "శనివారం పైసలు కట్టింది మధుసూదన్ సారే మేడమ్. ఈమెయిలు చూసుకుంటనంటే, కూసోబెట్టి నేను చాయ్‌కి పోయిన," అన్నాడు.

మధుసూదన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాదని బుకాయించే ఓపిక కూడా ఆయనకి మిగిలినట్టు లేదు.

"ఇంట్లో మా ఆవిడ రోజూ అదే పాటండి. తమ్ముడికి ఉద్యోగం ఇప్పించలేని ఆఫీసరెందుకని. పోటీకి వచ్చింది ఇరవై ఏడేళ్ల అనుభవం ఉన్నాయన. కిరణ్ ఆదివారం రాస్తానన్నాడు గానీ, నెగ్గుతాడని నాకు నమ్మకం లేకపోయిందండి. ఆయన ఫ్లాపీ ఎదురుగా కనిపించింది. ముందు చేరినవాడిదే అసలు అనుకుంటారని తెలుసు. పది నిమిషాల పని."

"నేను ఆదివారం రాద్దామనే వచ్చాను," అన్నాడు కిరణ్.  "నోట్సంతా రెడీగా ఉంది. పేజీ తెరిస్తే మీ జవాబు చేరిందని వచ్చింది. అడిగితే, నోరు మూసుకో, అక్క పరువు తియ్యకు అన్నాడు బావ. ఆ తర్వాత అంకుల్ మీద పడింది. చెప్పాలనే అనుకున్నాను. రెండు రోజులుగా అనుకుంటూనే ఉన్నాను."

పద్మావతి మధుసూదన్ వైపు చూసి, బీరువా తాళాలు తన బల్ల మీద పెట్టి వెళ్లమంది. అమెరికాకి ఉత్తరం ఆ పూటే రాస్తానని, ఓబులేసు పత్రం ఆయనదేనని అందులో తన సంతకంతో చెబుతానని అంది. రాజీనామా కాగితం అడిగి తీసుకుని నాలుగు ముక్కలు చేసింది.

ఓబులేసు అటు చూడనే లేదు. గోడ దగ్గర్నుంచి వచ్చి కిరణ్ ముందు నిలబడ్డాడు. కొడతాడేమో అనుకుంది జాయ్స్. కొట్టినా తప్పు లేదనుకుంది.

"నువ్వు రాసింటే నాకంటే ఎక్కువ మార్కులొచ్చుండు గదప్పా," అన్నాడు ఆయన. "ఆ ఉద్యోగం నీదే అయ్యుండు. నేనేమన్నా అనుకుంటాంటినా?"

కిరణ్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆయన ఆ భుజం మీద చెయ్యి వెయ్యలేదు, తిట్టనూ లేదు. కాసేపు నిలబడి, బయటికి నడిచాడు.

పది రోజుల తర్వాత ఓబులేసు టైర్ల కొట్టు మెట్లెక్కి వచ్చాడు. అరవై ఎనిమిది మార్కులతో పాసయ్యాడు. యంత్రం లెక్కకి సున్నా వేశారు. కిరణ్ కంపెనీ మానేశాడని, కోర్సు వాళ్లు ఇంకోసారి రాయడానికి ఒప్పుకున్నారని చెప్పాడు.

"వస్తా వస్తా సెంటర్ కాడికి పోయినా మేడం. రాబిన్ ఆ చీటీ గీకేస్తాండె. ఉండనీలే అని చెప్పినా."

"ఎందుకండీ? కోర్సు అయిపోయింది కదా?" అంది జాయ్స్.

"నాది అయిపాయ. ఆయప్ప రాయాల గదా," అన్నాడు ఓబులేసు. "మళ్లీ ఆ సెంటర్లోకి అడుగు పెట్టనీకి మొహం చెల్లదు ఆ పిల్లోనికి. ఆ చీటీ ఇంకా ఉందంటే, రావచ్చని తెలుస్తుంది."

వీరలక్ష్మి కళ్లు మూసుకునే వింది. నిద్రపోవడం లేదని జాయ్స్‌కి తెలుసు.