ఎడమ మూలకు ఒక్క తోడు

సాయంత్రం ఆరు కాగానే శ్రీకాకుళంలో బస్సులు ఆగిపోయాయి. ఆట సాగినంతసేపు బండి నడపకూడదన్నది చట్టం. డ్రైవర్లు, కండక్టర్లు, ప్రయాణికులు అందరూ తోడుచొక్కాల గుండీలు పెట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. కాసేపటికి ఏడు రోడ్ల కూడలిలో ఉన్న జనమంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. ఒక్కసారిగా కుడివైపుకి ఒరిగారు. అంతలోనే అందరూ కలిసి నవ్వారు. అక్కడ విశాఖలో, కళింగ కబడ్డీ జట్టు రైడర్ ధీరజ్ అవతలి జట్టులో ఇద్దరిని తాకి క్షేమంగా తిరిగొచ్చాడని ఎవరూ ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది.

ఆ జనంలో వర్ణిక మాత్రం ఒరగలేదు, నవ్వలేదు. టీ కొట్టు పక్కన మోకాళ్ళు కొద్దిగా వంచి, కాలివేళ్ళు నేలకి అదిమి నిలబడి ఉంది. ఆమె తొడుక్కున్నది ధీరజ్ చొక్కా కాదు, ఎడమ మూలలో కాపు కాసే గురుగుబెల్లి యోగేశ్వర్ చొక్కా.

తోడుచొక్కా వచ్చాక ఆటను కళ్ళతో చూడడం తగ్గిపోయింది. ఆటగాడి ఒంటి మీది సన్నని పొర అతని ఊపిరినీ, గుండెనీ, కండరాల బిగువునీ, చర్మానికి తగిలినదాన్నీ పట్టి పంపుతుంది. ఆ ఆటగాడి చొక్కా వేసుకున్నవాళ్ళకి అవన్నీ తమ ఒంట్లోనే జరుగుతున్నట్టు తెలుస్తాయి. మొదటి ఏడాది దెబ్బలు కూడా తెలిసేవి. కొన్నవాళ్ళు గోల పెట్టడంతో కంపెనీవాళ్ళు నొప్పిజల్లెడ అమర్చారు. ఇప్పుడు నొప్పి పుట్టినచోట చొక్కా ఏమీ పంపదు. ఆ కాసేపూ అక్కడ ఒళ్ళే లేనట్టుంటుంది, అంతే.

వర్ణికకి ఆ చొక్కా పన్నెండేళ్ళ వయసులో దొరికింది. వాళ్ళ నాన్న చేపల వేటకి వెళ్ళి తిరిగిరాని ఏడాది అది. పిల్ల క్లాసులో కూర్చోలేకపోయేది. తల్లి ఇందుమతి సంతలో ఎవరో వాడి వదిలేసిన చొక్కా తెచ్చి తొడిగింది. ధీరజ్ చొక్కాలు అప్పటికే అయిపోయాయి. ఆ సాయంత్రం ఒక రైడర్ కూత పెడుతూ మీదికి వస్తుంటే, వేలమంది అరుస్తుంటే, యోగేశ్వర్ గుండె మాత్రం తన పని తాను చేసుకుపోవడం ఆమె తన గుండెలో విన్నది. అతను ఎదురుచూస్తున్నాడు. ఎదురుచూడడంలో భయం లేకుండా ఉండవచ్చునని ఆమెకి మొదటిసారి తెలిసింది. ఆ తర్వాత ఒక్క ఆట కూడా వదల్లేదు.

ఈ ఏడాది సీజను ఓటములతో మొదలైంది. ధీరజ్ వరసగా దొరికిపోయాడు. జట్టు అట్టడుగున ఉందని ఊళ్ళో నవ్వుకున్నారు. వానలు తగ్గాక గాలి మళ్ళింది. ఎడమ మూల నుంచి ఎవరూ తప్పించుకుపోలేకపోతున్నారని వర్ణిక కాలేజీలో అందరికీ చెప్పేది. వాళ్ళు ధీరజ్ దూకుడు గురించి మాట్లాడేవాళ్ళు. పట్టు పట్టినవాడి చొక్కా వాళ్ళెవరి దగ్గరా లేదు.

జట్టు గెలవడం మొదలైన రోజుల్లోనే ఆమెకి ఖాళీలు తెలిశాయి. మొదట ఎడమ భుజం క్షణంపాటు మాయమై తిరిగొచ్చింది. తర్వాతి ఆటల్లో మోచేతి దాకా పోయింది. ఒకరోజు ఆట మొదటినుంచి చివరిదాకా ఆమెకి ఎడమ చేయి లేదు.

ఇందుమతి కూతురి ఒళ్ళు తడిమి చూసి, "సొక్కా పాతదైపోనాది. బాగుసేయించుకుందాం" అంది. బాగుచేసే అతను విప్పి చూసి చొక్కాలో లోపం లేదన్నాడు. అప్పుడు వర్ణికకి అర్థమైంది. జల్లెడ తన పని తాను చేస్తోంది. ఆపవలసిన నొప్పి అక్కడ అంత ఉంది.

జట్టు నాగావళి ఒడ్డు మైదానంలో సాధన చేసేది. ఆమె ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి ముందుగా జట్టు డాక్టరుని కలిసింది. ఆయన విసుక్కోకుండా విన్నాడు. చేతిలోని పలక తెర మీద యోగేశ్వర్ ఒంటి లెక్కలు చూపించాడు. అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ లెక్కలు కూడా జల్లెడ దాటి వచ్చినవేనని ఆమె అంటే, ఆయన నవ్వి, నొప్పుంటే ఆటగాడే చెబుతాడు కదమ్మా అన్నాడు.

యోగేశ్వర్ గోడవారన కూర్చుని కుడి చేత్తో మజ్జిగ తాగుతున్నాడు. ముప్పై దాటిన మనిషి, చెవి పైన తెల్లవెంట్రుకలు. ఆమె తన పేరు చెప్పి, అతని చొక్కా వేసుకుంటానని చెప్పింది. అతను గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వేనేటి ఆ ఒకర్తివి?"

ఆమెకి అర్థం కాలేదు. అతను మణికట్టు చూపించాడు. ఆటగాళ్ళందరికీ ఉండే తోడుదారం అది. తమ చొక్కా వేసుకున్నవాళ్ళు ఎంతమందో అన్ని వెలుగుచుక్కలు కనిపిస్తాయి. ధీరజ్ దారం దీపంలా వెలిగిపోతుంది. యోగేశ్వర్ దారంలో ఆట మొదలైనప్పుడు ఒకే చుక్క వెలుగుతుంది. అది కూడా ఆరిపోతే ఆ ఆటగాడిని పక్కన కూర్చోబెట్టాలన్నది పోటీ నిబంధన. ఇంటివాళ్ళ తోడు లెక్కలోకి రాదు. ఈ సంగతులన్నీ అతను ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పాడు.

వర్ణిక భుజం మాట అడిగింది. అతను కుడి చేత్తో మెడ వెనక తడుముకున్నాడు.

"మెడకాడ నరం నలిగిపోనాదమ్మా. మావూరి డాక్టరు సెప్పీసినాడు. ఇంకోపాలి గట్టిగా అదిమితే సెయ్యి పడిపోతాదన్నాడు."

"మరి మానేయొచ్చు కదన్నా."

"మానేస్తే ఏటౌతాను?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇదే ఆకరి ఏడాది. ఫైనల్ దాకా ఎల్తామని అనిపిస్తంది. నువ్వు ఉండు తల్లీ. అంతవరకే ఉండు" అన్నాడు.

ఆమె ఉంటానంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చున్నాక గాని తానేం మాటిచ్చిందో ఆమెకి పూర్తిగా తెలియలేదు. చొక్కా తొడుక్కుంటే అతని చేయి పోవచ్చు. తొడుక్కోకపోతే అతని ఆట పోతుంది. తల్లికి చెబితే ఇందుమతి చాలాసేపు ఆలోచించి, పెద్దవాడు తెలిసి అడిగినప్పుడు మనమేం చేస్తామంది. అంతలోనే, చేయి పోయినవాడిని ఇంట్లోవాళ్ళు చూడలేరని కూడా అంది.

కళింగ జట్టు ఫైనల్ చేరింది. ఆ సాయంత్రం వర్ణిక కూడలికి వెళ్ళలేదు. ఇంట్లో తల్లి పక్కన చాప మీద కూర్చుని గుండీలు పెట్టుకుంది. మొదటి సగంలో యోగేశ్వర్ ఇద్దరిని పట్టాడు. రెండోసారి పట్టినప్పుడు ఆమె ఎడమవైపు నడుము దాకా ఖాళీ అయింది. విరామం వచ్చింది. కళింగ జట్టు కొంచెం వెనకబడి ఉంది.

ఆమె నిర్ణయించుకుంది. ఆట ఓడితే ఓడుతుంది, జట్టుకి వచ్చే ఏడాది ఉంటుంది, ఆ మనిషికి రెండో ఎడమ చేయి ఉండదు. మాట తప్పిన పాపం తనకే ఉండనీ అనుకుని పైనుంచి గుండీలు విప్పడం మొదలుపెట్టింది. చివరి గుండీ ఊడేదాకా చొక్కా పనిచేస్తుంది. ఆ చివరి గుండీ మీద వేళ్ళు ఉండగా, అక్కడ యోగేశ్వర్ మెడ వంచడం ఆమెకి తెలిసింది. కుడి మణికట్టు తిప్పుకున్నాడు. చుక్క ఉందో లేదో చూసుకుంటున్నాడు. ఎన్ని ఆటల్లోనూ తొందరపడని ఆ గుండె ఒక్కసారి తడబడింది. తర్వాత, చుక్క కనిపించింది కాబోలు, ఛాతీ అంతా వెచ్చగా విచ్చుకుంది. అంత సంతోషం ఆమె తన ఒంట్లో ఎప్పుడూ ఎరగదు. అది తన వల్ల కలిగిందని, తాను తీసేస్తే ఏమవుతుందో ఆ ముందటి తడబాటులోనే తనకి తెలిసిపోయిందని ఆమెకి అనిపించింది.

ఇందుమతి చూస్తుండగానే గుండీలన్నీ మళ్ళీ పెట్టుకుంది. ఏడుస్తూనే పెట్టుకుంది.

ఆఖరి కూతకి కళింగ జట్టు ఒక్క పాయింటు ముందుంది. అవతలి రైడర్ పొడగరి. గీత దాటి నేరుగా ఎడమ మూలకే వచ్చాడు. యోగేశ్వర్ కదల్లేదు. రైడర్ కాలు చాచి వెనక్కి తీసుకునే ఆ రెప్పపాటులో అతను నేలమీదికి జారాడు. వర్ణిక కుడి అరచేతిలోకి ఒక మడమ వచ్చి కూర్చుంది. ఆ తర్వాత యోగేశ్వర్ మీద రైడర్, రైడర్ మీద ముగ్గురు తోటి ఆటగాళ్ళు పడ్డారు. ఆ బరువు ఆమెకి తెలియలేదు. చొక్కా మొత్తం ఖాళీ అయిపోయింది.

వీధిలో జనం ఒక్కసారి లేచి గంతులేశారు. అందరి ఒంట్లోనూ ధీరజ్ సంతోషమే ఉంది. కంపెనీవాళ్ళు గెలుపు పంచుకోవడానికే ఆ చొక్కా తయారుచేశారు, అది ఊరంతటికీ పంచింది. వర్ణిక చాప మీద కూర్చుని కుడి చేత్తో తన ఎడమ చేయి నిమురుకుంటూ ఉండిపోయింది. అది తనదేనా అని ఆమెకి సందేహంగా ఉంది.

పండగ హడావిడి సద్దుమణిగాక తల్లీకూతుళ్ళు విశాఖ ఆస్పత్రికి వెళ్ళారు. యోగేశ్వర్ మెడకి పట్టీ ఉంది. ఎడమ చేయి దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. అది ఇక లేవదని అతని భార్య రమణి వరండాలోనే చెప్పింది. ఆమె కోపంగా లేదు. వర్ణికకి ఒక స్టూలు జరిపి, ఇందుమతిని పిలుచుకుని బయటికి వెళ్ళింది.

"నేను తీసేయాల్సిందన్నా" అంది వర్ణిక. "విరామంలో తీసెయ్యబోయాను. నువ్వు చుక్క చూసుకున్నావు. తీయలేకపోయాను."

"తీసీసుంటే నేను బతికుండగా నిన్ను సెమించేవోడిని కాదు" అన్నాడు అతను. కొంచెంసేపు పైకప్పు చూశాడు. "ఇప్పుడు నన్ను నేను సెమించుకోడం ఎలాగో తెల్డం లేదు. రమణే అన్నం తినిపిస్తంది. పాపని ఎత్తుకోలేను." తర్వాత అడిగాడు: "ఆ ఆకరి పట్టు నీకు తెలిసిందా?"

"తెలిసింది."

"నాకు తెలీదు. నాకు నొప్పొక్కటే గేపకం ఉంది. అది తప్ప ఇంకేటీ మిగల్లేదు. పట్టింది నేనేనని అందరూ అంతన్నారు. ఎలాగుందో నువ్వు సెప్పాల."

 తన దగ్గరున్నది ఎవరిదో వర్ణికకి అప్పుడు తెలిసింది. అతని జీవితంలోని గొప్ప క్షణం నొప్పి తీసేసి, శుభ్రంగా, ఆమె ఒంట్లో ఉంది. అతని ఒంట్లో లేదు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మ్యాట్ చెమటకి తడిసి చల్లగా ఉందని చెప్పింది. రైడర్ వస్తుంటే కుడి మడమ కింద నేల అదిరిందని చెప్పింది. అతని కాలు చేతిలోకి వచ్చినప్పుడు తోలు కింద నరం కొట్టుకుంటోందని, పట్టుబడ్డానని ఆ కాలికి ముందే తెలిసిపోయిందని చెప్పింది. యోగేశ్వర్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. అతని పెదవుల చివర చిన్న నవ్వు వచ్చింది.

"మళ్ళా సెప్పు" అన్నాడు. "మొదట్నించి."

ఆమె మళ్ళీ చెప్పింది. చెప్పడం మొదలుపెట్టినప్పటినుంచీ ఆమె అతని ఎడమ చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుని పట్టుకునే ఉంది. కళ్ళు మూసుకుని వింటున్న అతనికి ఆ సంగతి తెలియలేదు.