ఇరవై ఏడో కొక్కెం

నేవల్ బేస్‌లో టోకెన్ గది చూసుకునే తాతను తెల్లవారాక, అతని కుర్చీలోనే చంపారు. వెనకనుంచి ఒకే బుల్లెట్, సైలెన్సర్‌తో. ఇత్తడి తుడిచే గుడ్డ చేతిలో అలాగే ఉంది. గదిలోంచి ఏదీ పోలేదు.

"పోలేదు కాబట్టే నిన్ను పిలిచాను," అన్నాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటును ఆఫీసులో అందరూ కొంగ అంటారు. పొడుగు మనిషి. గంటలకొద్దీ కదలకుండా నిలబడతాడు. వేటు మాత్రం ఒక్కటే వేస్తాడు.

"పది గంటలకు నేవల్ బేస్‌లో సంస్మరణ సభ. పన్నెండేళ్ళ క్రితం యుద్ధంలో మునిగిన సబ్‌మెరైన్, నలభై ఇద్దరు. మీ బావ కూడా అందులోనే పోయాడని తెలుసు. నీకు కష్టమైతే ఇంకొకర్ని పంపుతాను."

"అక్క ఎలాగూ వస్తుంది సార్. నేనూ వెళ్ళాల్సినవాణ్ణే."

"సభ కాగానే కొత్త సబ్‌మెరైన్ బయల్దేరుతుంది. అందులో యాభై నలుగురు. పాతది మునిగిన చోట పూలచక్రం వదిలి ముందుకు పోతుంది. అది తీరం దాటకుండా చెయ్యాలని ఒక విదేశీ ముఠా కాచుక్కూర్చుంది. ఎలా చేస్తారో తెలీదు. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్ నేమ్ పరిమళం. పైకి పూలషాపు. ఆరేళ్ళుగా మనకు సమాచారం ఇస్తోంది. లోపల నిన్ను కలుస్తుంది. 'గంట ఎన్నిసార్లు మోగుతుంది?' అని అడుగు. 'తిరిగిరానివాళ్ళు ఎంతమందో అన్నిసార్లు' అంటుంది."

చీఫ్ టేబుల్ మీద ఒక ట్రంపెట్ పెట్టాడు. "నీ వేషం బ్యాండువాడు. మూడో మీట నొక్కితే మత్తుసూది ఎగురుతుంది."

"నాకు ట్రంపెట్ రాదు సార్."

"ఊదకు. దేశానికి నువ్వు చేసే మేలు అదే."

కొంగ ముందు టోకెన్ గదికి వెళ్ళాడు. జలాంతర్గామి ఎక్కే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను ఆ గదిలోని బోర్డుకు తగిలించి వెళతాడు. తిరిగొచ్చాక, ఇల్లూ వాకిలీ తర్వాతే, ముందు బిళ్ళ తీసుకుంటాడు. గట్టుమీద నడిచే మనిషి బిళ్ళ బోర్డు మీద మిగిలితే సముద్రం వెతుక్కుంటూ వస్తుందని వాళ్ళ నమ్మకం. మునిగిన పడవ బోర్డుకు అప్పుడే తలుపులు వేసి సీలు వేశారు. పన్నెండేళ్ళ తర్వాత, బిళ్ళలు తుడవడానికి, నిన్ననే తాత దాన్ని తెరిచాడు.

కొంగ వరసగా చూసుకుంటూ వెళ్ళాడు. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. మధ్యలో కొక్కెం ఖాళీగా ఉంది.

హంతకుడు పట్టుకుపోయాడా అనుకున్నాడు ముందు. కానీ ప్రతి బిళ్ళ వెనకా చెక్కమీద ఆకుపచ్చని గుండ్రటి మరక పడి ఉంది, పన్నెండేళ్ళ చిలుము. ఇరవై ఏడో కొక్కెం కింద చెక్క మాత్రం శుభ్రంగా ఉంది. అంటే ఆ బిళ్ళ పన్నెండేళ్ళ క్రితమే పోయింది.

ఆ నంబరు అతనికి తెలుసు. ఆ రోజు బావను సాగనంపడానికి వచ్చింది తనే. "రేయ్ బామ్మర్దీ, నీ చేతులమీదుగా తగిలించరా," అన్నాడు బావ. తగిలించాడు. బావ ఎప్పటిలాగే గోటితో బిళ్ళను రెండుసార్లు టక్ టక్‌మని కొట్టి, నవ్వుకుంటూ పోయాడు.

ఆ తర్వాత వెనక్కొచ్చి దాన్ని తీసుకున్నదెవరు? పడవ దిగి పారిపోతున్నవాడికి బిళ్ళతో పనేముంది? అలవాటు. తల ఎంత ద్రోహం తలపెట్టినా చెయ్యి తన అలవాటు మానుకోలేదు.

కొంగ బోర్డు తలుపు మూశాడు. దేవుడా, ఇది నా అనుమానమే అయితే బాగుండును అనుకున్నాడు. అలా అనుకున్నంత మాత్రాన మరక ఎక్కడనుంచి వస్తుంది?

రేవులో కుర్చీలు నిండాయి. అక్క ముందువరసలో, ఎప్పటి కుర్చీలోనే కూర్చుంది. పూలషాపామె ఒకతె నావికులకు పూలచక్రం అప్పగించి, బ్యాండు పక్కన ఆగింది. నల్లకళ్ళద్దాలు, ఎత్తుమడమల చెప్పులు, దారినపోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూసే అందం... పరిమళం.

"గంట ఎన్నిసార్లు మోగుతుంది?"

"తిరిగిరానివాళ్ళు ఎంతమందో అన్నిసార్లు," అంది. పెదవులు కదల్లేదు. "బాంబు వేదిక కింద ఉంది. ఎడమవైపు మెట్ల దగ్గర చూడు."

"మీ నాయకుడు?"

"ఊళ్ళోనే లేడు. బోర్డు మీద బిళ్ళ ఒకటి లేదని తాత నాతో చెప్పుకున్నాడు పాపం. ఇంకెవరితో చెప్పుకున్నాడో మరి."

కొంగ మెట్లవైపు రెండడుగులు వేశాడు. అప్పుడే గేటు దగ్గర గడ్డపు ఫోటోగ్రాఫర్ ఒకడు అతిథుల బోర్డుకు తన టోకెన్ తగిలించాడు. తగిలించి, గోటితో రెండుసార్లు కొట్టాడు. టక్ టక్.

కొంగ నిలబడిపోయాడు.

చచ్చిపోయాడనుకున్న బావ వేషం వేసుకుని ఇక్కడికొచ్చాడంటే, ఆ నాయకుడు అతనే. ఊళ్ళోనే ఉన్నాడు. అంటే పరిమళం చెప్పింది అబద్ధం. అంటే బాంబు వేదిక కింద లేదు. ఆమె తన చేత్తో బేస్ లోపలికి తెచ్చింది ఒక్కటే. ఎవరూ విప్పి చూడనిది, చూస్తే చచ్చిపోయినవాళ్ళకు అవమానమనుకునేది. పూలచక్రం.

దాన్ని ఇద్దరు నావికులు అప్పటికే కొత్త పడవ పైకి మోసుకెళుతున్నారు. గంట మొదలైంది. ఒక్కొక్క నంబరూ పేరూ చదువుతుంటే, వాళ్ళవాళ్ళు వచ్చి తాడు లాగుతున్నారు. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. కొంగ కుర్చీల వెనకగా నడిచాడు. ఇరవై ఆరు. అక్క లేచింది. తాడు మీద చెయ్యి వేసింది. గడ్డపువాడు కెమెరా దించేశాడు. ఆ ఒక్కటి మాత్రం లెన్సులోంచి చూడలేకపోయినట్టున్నాడు.

"బావా."

అతను తిరిగాడు. మూడో మీట నొక్కాడు కొంగ. సూది భుజంలో దిగింది.

"ఎదిగావురా," అన్నాడు బావ, కూలబడుతూ. "ఆలస్యమైంది. కెమెరాతో ఇందాకే నొక్కేశాను. టైమరు నడుస్తోంది."

"నలభై ఒక్కమందిని అమ్మేశావు."

"యుద్ధంలో ఎలాగూ మునిగేదే. నేనొక్కణ్ణే దిగాను, అంతే కదా."

"శత్రువుకు పడవ దారి చెప్పి దిగావు."

బావ కళ్ళు మూతపడ్డాయి. పూలచక్రం పడవలోకి దించే మూతద్వారం అంచుకు చేరింది. అరిస్తే గాలికి వినిపించదు. పరిగెత్తితే అందదు. కొంగ ట్రంపెట్ నోటికి పెట్టుకుని, ఊపిరంతా కూడగట్టి, ఊదాడు.

అలాంటి శబ్దం ఆ రేవులో ఎప్పుడూ పుట్టలేదు. బ్యాండుమాస్టరు చెవులు మూసుకున్నాడు. కెప్టెన్ వెనక్కి తిరిగాడు. నావికులిద్దరూ పూలచక్రంతో అక్కడే శిలలైపోయారు.

"దించకండి!" అని కొంగ చేతులూపుతూ పరిగెత్తాడు.

బాంబు స్క్వాడ్ పూలు తోసి తీగ కత్తిరించేసరికి టైమరు మీద నాలుగు సెకన్లు మిగిలాయి. పరిమళాన్ని గేటు దగ్గర కాపలావాడే పట్టుకున్నాడు. టోకెన్ తీసుకోకుండా పోతోందట. "తీసుకోకుండా ఎలా పోతావమ్మా?" అని అడ్డం నిలబడ్డాడు. అతనికి అంతకుమించి ఏమీ తెలీదు.

సభ ఆగినచోటునుంచే మళ్ళీ మొదలైంది. అక్క తాడు వదల్లేదు. గడ్డం ఊడిన ముఖాన్ని స్ట్రెచర్ మీద పోతుండగా చూసింది. చాలాసేపు చూసింది.

"ఇరవై ఏడు," అన్నాడు చదివే అధికారి.

"ఆ నంబరు వదిలేయండి," అంది అక్క. "ఇరవై ఎనిమిది చదవండి."

తాడు తర్వాతి తల్లి చేతికిచ్చి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. గంట ఆ రోజు నలభై ఒక్కసార్లు మోగింది.

"నీళ్ళల్లో ఆయనకు చలి వేయకూడదని రోజూ దేవుణ్ణి అడిగాన్రా, పన్నెండేళ్ళు," అంది నెమ్మదిగా. "ఆ దేవుడు నవ్వుకుని ఉంటాడా పైన?"

"నవ్వడక్కా. నీ ప్రార్థన మిగతావాళ్ళకు పంచి ఉంటాడు."

"అంతేనంటావా?"

"నాకేం తెలుసు? అలా పంచకపోతే ఆయన దేవుడెలా అవుతాడు?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్త జలాంతర్గామి తాళ్ళు విప్పుకుని, పూలచక్రం లేకుండా ఉత్త చేతులతో, మెల్లగా కదిలింది. టోకెన్ గదిలో కొత్త బోర్డుకు యాభై నాలుగు బిళ్ళలు కిటికీలోంచి పడ్డ ఎండలో మెరుస్తున్నాయి.

సాయంత్రం చీఫ్ ఇరవై ఏడో నంబరు బిళ్ళను టేబుల్ మీద పెట్టాడు. బావ జేబులో దొరికింది. తుడిచి తుడిచి అంకె అరిగిపోయింది.

"ఆరేళ్ళు పరిమళాన్ని నమ్మాను. నువ్వు అతన్ని చిన్నప్పట్నుంచీ నమ్మావు. ఇద్దరం సరిపోయాం," అన్నాడు చీఫ్. "దీన్ని ఏం చేద్దాం? మ్యూజియంకి పంపమంటావా?"

కొంగ బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు.

"జైలు గేటు దగ్గర కూడా నంబర్ల బోర్డు ఒకటి ఉందిట సార్. ఈసారి కూడా నేనే తగిలించొస్తాను."