శాంతయ్య గానుగ కాడ తిరిగేది

పొద్దు గూకినాక శాంతయ్య గానుగ దోవలో ఎవురూ పోరు. చంద్రగిరి అవతల, చెరుకు తోటల నడాన ఉండాది అది. కాగే చెరుకుపాల పెనంలో పడి శాంతయ్య సచ్చిపోయినాక గానుగ మూలబడింది. ఎద్దులు తిరిగిన గుండ్రటి బాట మాత్రం అట్నే మిగిలింది. రెండువేల మూడు ఎండాకాలంలో, ఆ బాట మీద రాత్రిళ్లు ఏదో తిరగతా ఉండాదని ఊరంతా ఒకటే గుసగుస.

మునస్వామి మాత్రం మీసం దువ్వేటోడంట. "నా అల్లుడు నడిసముద్రంలో బతికేటోడు. నాకా దెయ్యం కతలు చెప్పేది?"

అల్లుడు గిరి లీవు మీద వచ్చి అత్తగారింట్లో ఉండాడు గదా, ఇంక మునస్వామిని పట్టేదెవురు! సముద్రం అడుగున కరెంటు తీగ పరిచే ఓడలో గిరి ఇంజనీరంట. టీ కొట్లో ఆ గొప్పలు వినాల.

"మన పంపుసెట్టు తీగ కాదప్పా, తొడ లావుంటాది. ఓడ కడుపులో గుండ్రటి తొట్టి. కూలోళ్లు దాంట్లో దిగి, తీగను చంకన పట్టుకోని, వంగి, వెనక్కి వెనక్కి నడస్తా చుట్టలుగా పరచాల. నా అల్లుడు పైన కుర్చీలో కూసోని సూస్తాడు."

ఒకనాడు చిత్తూరు బెల్లం మండీ నుంచి వస్తా మునస్వామి ఆఖరి బస్సు దిగినాడు. కూడా ఊరోడు చిన్నబ్బ. ఆయనకు నోట్లో నువ్వుగింజ నానదు. ఊరికి అడ్డదోవ ఆ గానుగ దోవొక్కటే...

గానుగ దగ్గర పడింది. చెరుకాకు కూడా కదల్లేదు. అయినా — సర్... సర్... కాళ్లు ఈడ్చే సప్పుడు.

"అన్నా... వింటివా?" చిన్నబ్బ గట్టు చాటున కూలబడినాడు.

మునస్వామి ముందుకు పోయినాడు. మసక వెన్నెల్లో ఒక ఆకారం... నడుం వంచి, చంకలో లేనిదాన్ని పట్టుకోని, వెనక్కి వెనక్కి నడస్తా ఉండాది. సుట్టు తిరిగి ఈ పక్కకు వచ్చింది. కండ్లు సగం మూసుకోని ఉండాయి.

గిరి.

"సార్... చుట్ట వదులైపోయింది సార్..." నిద్దర్లోనే గొణగతా ఉండాడు. "మళ్లా పరస్తా... తిట్టొద్దు సార్..."

మునస్వామికి తల కొట్టేసినట్టయింది. పెండ్లి మాటలనాడు తానే అన్నాడు — కూలోనికి నా బిడ్డనియ్యనని. ఆ మాటకే కదా పిల్లోడు అబద్ధమాడింది!

"ఎవురన్నా?... మనిషా?" ఎనక నుంచి చిన్నబ్బ.

అల్లుడా అని ఒక్క పిలుపు పిలిస్తే సాలు. గానీ, తెల్లారితే టీ కొట్లో ఏ మొహంతో కూసునేది?

"మనిషి కాదబ్బా... దెయ్యమే. తిరిగి సూడకుండా పా."

ఇంటి గడపలో కూతురు కోమలి దీపం పెట్టుకోని కూసోని ఉండాది.

"నాయనా... ఆయన పడకలో లేడు. నిద్దర్లో నడస్తాడు. నీకు సెప్పొద్దన్నాడు... నీ పరువు పోతాదని."

మునస్వామి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గుతో సచ్చిపోయినాడంటే నమ్మండి.

అంతలో వీధిలో అరుపులు. చిన్నబ్బ పదిమందిని లేపినాడు. "మునస్వామన్న కండ్లారా సూసినాడు, దెయ్యమేనంట. కట్టెలు తీసుకోండప్పా."

మునస్వామి చెప్పుల్లేకుండా పరిగెత్తినాడు. గానుగ బాట మీద అల్లుణ్ణి వాటేసుకోని, ఎనకాలే వచ్చినోళ్లు ఎత్తిన కట్టెలకు వీపు అడ్డం పెట్టినాడు.

"కొట్టొద్దండప్పా... నా అల్లుడు. ఆ తొట్టిలో దిగే కూలోడు... నా అల్లుడే."