చివరి పద్దెనిమిది పేజీలు

1987 ఆగస్టు 20, గురువారం. పొద్దుటినుంచీ ముసురు. గాలి లేదు. దండెం మీద మూడు రోజుల కిందటి బట్టలు ఇంకా ఆరక ముక్కవాసన కొడుతున్నాయి.

సాయంత్రం ఐదింటికి వీలునామా పట్టుకుని వస్తానని లాయరు కబురు పెట్టాడు. కాంపౌండరు మధ్యాహ్నమే మందులషాపు నుంచి వచ్చేసి, స్పిరిటుతో చేతులు తుడుచుకుని, పోయిన మేనత్త గదిలో కూర్చున్నాడు. పదేళ్లు ఆవిడకు మందులు పోసి, మంచం మీంచి లేపి కూర్చోబెట్టి, ఆ ఇంట్లోనే ఉన్నాడు. “ఇల్లు నీకేరా” అని ఆవిడే చాలాసార్లు అంది. అది తప్ప అతనికి తల దాచుకునే చోటు లేదు.

మేనత్తకు అపరాధ పరిశోధన నవలల పిచ్చి. మా రోజుల్లో వాటిని కాలేజీ పుస్తకాల మధ్య దాచుకుని చదివి పరీక్షలు తప్పినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ గొడవ ఇప్పుడెందుకులెండి. ఆవిడ చివరగా పట్టుకున్న పుస్తకంలో ఒక చిన్న పల్లెటూరు, అక్కడ పోస్టుమాస్టరు హత్య. హంతకుణ్ణి వెతికేది ఒక ముసలి మంత్రసాని. ఊళ్లో ప్రతివాడూ ఆమె చేతుల్లో పుట్టినవాడే కాబట్టి, ఎవడిది దొంగ ఏడుపో ఇట్టే చెప్పేస్తుంది.

అత్తా అల్లుడూ ఒకే పుస్తకాన్ని పంచుకునేవారు. పొద్దున ఆవిడ, సాయంత్రం అతను. హంతకుడెవరో ముందుగా చెప్పలేనివాళ్లు వారం రోజులు అంట్లు తోమాలని పందెం. ఆవిడ మంచం దిగలేదు కనక ఎవరు ఓడినా తోమేది అతనే.

అంట్లదేముంది, అసలు నరకం ఆ పుస్తకం ముట్టుకోవడం. ఆవిడ నశ్యం పీల్చి, అదే బొటనవేలిని మొదలుదాకా నాలుక మీద రాసుకుని పేజీ తిప్పేది. ప్రతి పేజీ మూలా గోధుమరంగుకి తిరిగి, ఉబ్బి, పక్క పేజీకి అతుక్కుని ఉండేది. అతను షాపులోని చిన్న పట్టకారుతో తిప్పుకునేవాడు.

“ఒరేయ్ స్పిరిటూ, నా ఎంగిలి తగిలితే చస్తావట్రా?”

“చావను గానీ అన్నం సయించదత్తా.”

పుస్తకం పూర్తయ్యాక ఆవిడ మొదటికి వచ్చి, పాత్రల పట్టికలో హంతకుడి పేరు పక్కన నశ్యం వేలితో ముద్ర వేసేది. దాంతో ఆ కేసు మూసినట్టు.

ఆగస్టు రెండున ఆవిడకు ఇంకా పద్దెనిమిది పేజీలున్నాయి. ఆ సాయంత్రం అతను పందెం గెలవాలని పక్కగదిలో దొంగతనంగా చివరి అధ్యాయం విప్పాడు. ఆవిడ మంచం దగ్గరి ఇత్తడి గంట మోగింది. ఇప్పుడు వెళితే మొహం చూసి పసిగట్టేస్తుంది. ఒక్క పేజీ అనుకున్నాడు. గంట మళ్లీ మోగింది. ఇంకొక్కటి. తర్వాత మోగలేదు.

హంతకుడు గడియారాలు బాగుచేసేవాడని తెలుసుకుని, పుస్తకం మూసి వెళ్లాడు. ఆవిడ సగం మంచం బయటికి వేలాడుతోంది. నోటి నుంచి కారిన నురగలో నశ్యం కలిసి నేల మీద మడుగు కట్టింది.

“నిద్రలోనే పోయింది” అని తన చెల్లెలికి చెప్పాడు.

మర్నాటి నుంచీ మొదలైంది. ఆవిడ చదవకుండా మిగిల్చిన పేజీల్లో రోజుకొకటి. తెల్లవారేసరికి ఒక కొత్త మూల గోధుమరంగులో, తడిగా... ఇంకోటి కూడా. నిద్ర లేచేసరికి అతని నోరు పిడచకట్టి, నాలుక మీద నశ్యం మంట. జన్మలో నశ్యం ముట్టినవాడు కాదు. మూడుసార్లు పళ్లు తోముకున్నా పోదు.

నాలుగింటికి చెల్లెలు వచ్చింది. పుస్తకం చూపించాడు. నోటి సంగతి మాత్రం చెప్పలేదు.

“తేమకి అలా ఉబ్బిందేమోలే” అంది. “చచ్చినవాళ్లకి ఉమ్మెక్కడిది అన్నయ్యా? ఎవరిదైనా అరువు తెచ్చుకోవాలి.”

నవ్వుతూ కాఫీ పెట్టడానికి వెళ్లింది.

అతను నాలుకను పళ్లతో గీరి, రుమాల్లో ఉమ్మాడు. గోధుమరంగు...

అది పద్దెనిమిదో రోజు. పట్టకారుతో చివరి పేజీ ఎత్తాడు. మూల తడిగా ఉంది. జిగురు దారంలా సాగింది. తెలియకుండానే వేలు తగిలింది. వెచ్చగా ఉంది.

మొదటి పేజీకి తిప్పాడు. పాత్రల పట్టిక. గడియారాలవాడి పేరు పక్కన ఏమీ లేదు. మంత్రసాని దగ్గరా లేదు. ఎవరి దగ్గరా లేదు.

పట్టిక అయిపోయాక, కింద ఖాళీ కాగితం మీద ఉంది ముద్ర. తడి ఆరలేదు.

మంచం దగ్గర గంట మోగింది. ఒక్కసారే.

ఈసారి లేచి వెళదామనుకున్నాడు. వెళ్లడానికి అదే గది. అతను కూర్చున్నది ఆ మంచం మీదే.

ఐదింటికి లాయరు వచ్చి, లక్క సీలు పగలగొట్టి కాగితం విప్పాడు. చదవబోయి ఆగాడు. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు.

“రెండేళ్లుగా ఇనప్పెట్టెలో ఉన్న కాగితమండీ... ఈ తడెక్కడిది?” అన్నాడు. “ఇల్లు ఎవరికి రాశారో ఆ పేరు మీద వేలిముద్ర పడింది. సిరా కరిగిపోయింది. దస్తావేజు రాసినవాడు పోయాడు, నకలు కూడా లేదు.”

“ఆ పేరు నాదే” అన్నాడు కాంపౌండరు.

“కావచ్చు. కానీ కాగితంలో లేదు కదా. పేరు తేలకపోతే ఇల్లు మీ చెల్లెలికి చెందాలని కింద రాశారు.”

అలా ఇల్లు చెల్లెలికి వెళ్లింది. గాజులు, ఇత్తడి గంట కూడా ఆమెకే. బీరువాలోని పుస్తకాలు బడి లైబ్రరీకి. కాంపౌండరుకి ఏమీ రాలేదు. షాపు వెనక మందుల అట్టపెట్టెల మధ్య చాప వేసుకుని, లోపల గడియ పెట్టుకుని పడుకుంటాడు. నోటికి గుడ్డ కట్టుకుంటాడు. పొద్దున లేచేసరికి ఆ గుడ్డ మడతపెట్టి దిండు పక్కన ఉంటుంది. నాలుక మండుతూ ఉంటుంది.

బడికి వెళ్లిన పుస్తకాల్లో ఆవిడ ఇంకా చదవనివి నలభై ఒకటి.