నుదుటి మీద శిలువ

బుధవారం ఉదయం 9:05. సెయింట్ ఆర్విల్డా బాలికల ఆంగ్లికన్ చర్చి స్కూల్లో వెండి పానపాత్ర మాయమైంది. ఈస్టర్‌కి తప్ప బయటికి తీయని పాత్ర అది.

9:20కి ఇన్‌స్పెక్టర్ హెస్టర్ పైక్ వచ్చింది. సముద్రపు గాలికి తిరగబడ్డ గొడుగుని గుమ్మంలోనే వదిలేసి, హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి నడిచింది.

లోపల ముగ్గురు. బిషప్ ఆఫీసులో మీటింగ్ మధ్యలో వదిలేసి అప్పుడే వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ లిడెల్. నుదుటి మీద బూడిద శిలువతో సెక్రటరీ గ్వెండా థ్రేల్. వాళ్ల మధ్య పద్నాలుగేళ్ల కెరెన్. ఆ పిల్ల నుదురు కడిగిన పళ్లెంలా ఉంది.

భస్మ బుధవారం కదా, ఏటా ఫాదర్ అందరి నుదుటి మీదా బూడిదతో శిలువ గీసే రోజు. ప్రార్థనకి వెళ్లినవాళ్లకి ఆ గుర్తు ఉండాలి.

"ఏం చూశారు?" పైక్ అడిగింది.

"ఎనిమిదిన్నరకి ప్రార్థన మొదలైంది," అంది గ్వెండా. "బూడిద పెట్టించుకుని, ఆఫీసులో ఫోన్లు మోగుతాయని బయటికొచ్చాను. చర్చి సామాన్ల గదిలో ఈ పిల్ల. బీరువా ఖాళీ. వెంటనే పట్టుకుని ఇక్కడికే లాక్కొచ్చాను. అప్పట్నుంచీ ఇద్దరం కదల్లేదు."

"నేను తియ్యలేదు. సాంబ్రాణి పొగకి కడుపులో తిప్పితే నీళ్ల కోసం వెళ్లాను," అంది కెరెన్.

"ప్రార్థనలో ఉంటే మరి బూడిదేదీ? గాలికెగిరిపోయిందా?" గ్వెండా కసిరింది.

"ఫాదర్ ఈసారి..."

"నోర్ముయ్. దొంగతనం చాలక అబద్ధాలు కూడానా?"

బల్ల మీద, కెరెన్‌ని స్కూల్ నుంచి తీసేస్తున్నట్టు టైపు చేసిన ఉత్తరం ఉంది. హెడ్‌మిస్ట్రెస్ పెన్ను మూత తీసింది.

"రెండుసార్లు గోడ దూకి బీచ్‌కి పోయింది, ఇన్‌స్పెక్టర్. ఇంకో తప్పు చేస్తే పంపించేస్తానని అప్పుడే చెప్పాను. వాళ్లమ్మ హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. ఫోన్ చేస్తే, పని మధ్యలో వదిలేసి బస్సెక్కింది."

కెరెన్ ఆ పెన్ను వైపే చూసింది. ఈ స్కూల్లో సీటు కోసం వాళ్లమ్మ రెండేళ్లు తిరిగింది.

9:30. బెల్ మోగింది. పైక్ కిటికీ దగ్గరికి వెళ్లింది. ప్రార్థన ముగించుకుని అమ్మాయిలు వరుసగా వస్తున్నారు. ఆమె చాలాసేపు చూసింది.

"ఫాదర్‌ని పిలవండి."

ఫాదర్ ఆల్సప్ వచ్చాడు. కుడి బొటనవేలికి కట్టు.

"ఏమైంది, ఫాదర్?"

"నిన్న పాన్‌కేకుల పందెంలో, పెనంలో అట్టు ఎగరేస్తూ పరిగెత్తబోయి, వేలు కాల్చుకున్నాను. ఈ వయసులో పరుగులేమిటని మా ఆవిడ చెబుతూనే ఉంది."

పైక్ హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగింది. "సంతకం ఆపండి. కెరెన్, తల వంచమ్మా."

కెరెన్ బల్ల మీదికి వంగింది. పైక్ ఆ పిల్ల పాపిట విడదీసి మెల్లగా దులిపింది. తెల్లటి ఉత్తరం మీద బూడిద రాలింది.

"బొటనవేలు కాలాక శిలువ గీసేదెలా? ఈసారి ఫాదర్ చెంచాతో అందరి నడినెత్తినా చల్లారు. అవునా?"

ఫాదర్ తలూపాడు.

"కిటికీలోంచి కిందికి చూడండి. ఇంతమంది పిల్లల్లో ఒక్కరి నుదుటి మీదా శిలువ లేదు. మీకెవరు గీశారు, మిసెస్ థ్రేల్?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, గ్వెండా చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది.

"ప్రతి ఏడూ నుదుటి మీదే కదా..." అంది.

"కదా. అందుకే సామాన్ల గదిలో మిగిలిన బూడిదతో మీరే గీసుకున్నారు."

పిల్లలు పోగొట్టుకున్న వస్తువులు దాచే ఆఫీసు పెట్టె తాళంచెవి ఆవిడ నడుముకే ఉంది. పైక్ దాన్ని తెరిపిస్తే, జత లేని బూట్ల కింద పాత్ర దొరికింది.

హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరాన్ని బూడిదతో సహా మడిచి, ముక్కలుగా చింపింది. ఆమెకి సిగ్గేసింది. పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది.

"మేడం," అంది కెరెన్, "అమ్మ బస్సులో ఏడుస్తూ వస్తుంటుంది. నేను చెబితే నమ్మదు. మీరు చెబుతారా?"

బయట మళ్లీ వాన మొదలైంది. మిసెస్ లిడెల్ గొడుగు కోసం చూడలేదు. కెరెన్ చెయ్యి పట్టుకుని బస్‌స్టాప్ వైపు నడిచింది.