పీట ఉందా?

పిట్ట ముందు గదిలో మునివేళ్ల మీద నిలబడి అలమర పై అర తడుముతోంది. గోడ మీద బొమ్మలు గీసిందని అమ్మ రంగు పెన్సిళ్ల డబ్బా అక్కడ దాచింది. డబ్బా అంచు వేలికి తగులుతోంది గానీ చేతికి చిక్కడం లేదు.

"పీట ఉందా?" పక్క గదిలోంచి నానమ్మ కేకేసింది.

"ఉంది!" అంది పిట్ట, తల తిప్పకుండానే.

నానమ్మకి మోకాళ్ల నొప్పులు. తక్కువ ఎత్తు మంచం మీంచి లేవలేకపోతోందని నాన్న మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించాడు. నాన్న ఏది చేసినా కాస్త అతే. నానమ్మ కాళ్లు నేలకి అందకుండా పోయాయి. "మొత్తానికి నన్ను అటకెక్కించావురా!" అని ఆవిడ ఒకటే నవ్వు.

అప్పుడొచ్చింది ఆ పీట. నానమ్మ మంచం అంచున కూర్చుని, పట్టె పట్టుకుని, ముందు పీట మీద కాలు మోపుతుంది. తరవాతే నేల మీద. కళ్లజోడు పెట్టుకున్నా కిందకి చూస్తే ఆవిడకి అంతా మసకే. అందుకే దిగే ముందు అడుగుతుంది. చూసి చెప్పడం పిట్ట పని.

మొదట్లో పిట్ట పరుగెత్తుకొచ్చి చూసేది. తరవాత గుమ్మంలోంచి తొంగి చూసేది. పోను పోను ఎక్కడుంటే అక్కణ్ణించే "ఉంది!" అనేసేది. అన్నట్టే ఉండేది కూడా.

ఈసారి మాత్రం పీట అక్కడ లేదు. ముందు గదిలో, పిట్ట కాళ్ల కిందే ఉంది.

ఆ సంగతి తట్టేలోపే ధబ్‌మని చప్పుడైంది.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న అమ్మ పరుగున వచ్చింది. నానమ్మ నేల మీద చీలమండ పట్టుకుని కూర్చుంది. అమ్మ ఆవిడని మెల్లగా లేపి కుర్చీలో కూర్చోబెట్టి, తడిగుడ్డ కోసం వెళ్లింది.

అప్పుడు పిట్ట చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ దాని చెవులు వేడెక్కుతాయి. గబగబా పీట ఈడ్చుకొచ్చి మంచం పక్కన పెట్టేసింది.

తిరిగొచ్చిన అమ్మ పీటని చూసింది. "ఇక్కడే ఉందిగా అత్తయ్యా! కాస్త చూసుకుని దిగొద్దూ?"

నానమ్మ పీట వంక చూసింది. పిట్ట వంక చూసింది.

"అవునమ్మా, చూసుకోలేదు," అంది.

పిట్టకి తల కొట్టేసినట్టయింది.

ఎముక విరగలేదనీ, బెణికిందంతేననీ డాక్టరు చెప్పాడు. కానీ నాన్న భయపడిపోయాడు. "ఇకమీదట ఒక్కదానివీ దిగొద్దమ్మా. నేనో, నీ కోడలో పక్కనుంటేనే దిగు."

"మరి సాయంత్రం గుమ్మంలో కూర్చోవద్దట్రా?"

"మేం ఖాళీ అయ్యాక కూర్చుందువుగానిలే."

వాళ్లు ఖాళీ అయ్యేసరికి చీకటి పడేది. వీధిలో ఇరుగుపొరుగు లోపలికి వెళ్లిపోయేవాళ్లు. వాపు తగ్గినా నానమ్మ మంచం మీదే కాళ్లు వేలాడేసుకుని బయటి కబుర్లు వింటూ కూర్చునేది. "ఏం పెద్దమ్మా, రావట్లేదూ?" అని ఎవరైనా పిలిస్తే "వస్తాలే" అనేది. వెళ్లేది కాదు. "పీట ఉందా?" అని అడగడమూ మానేసింది.

వసపిట్టలా వాగుతుందనే నానమ్మ దానికి పిట్ట అని పేరు పెట్టింది. అలాంటిదాని నోటికి తాళం పడింది. జ్వరమేమో అని అమ్మ నుదురు తాకి చూసింది. నుదురు చల్లగానే ఉంది, లోపలే మంట.

ఒకరోజు భోజనాల దగ్గర నాన్న మళ్లీ అదే మాట ఎత్తాడు. "పీట పక్కనే పెట్టుకుని పడ్డావంటే ఏమనాలమ్మా?"

పిట్ట చేతిలో ముద్దని కంచంలో పెట్టేసింది.

"పీట అక్కడ లేదు నాన్నా. నా కాళ్ల కింద ఉంది. దాని మీద నిలబడే నానమ్మకి 'ఉంది' అని చెప్పాను. పడ్డాక... ఎవరికీ తెలియకుండా తెచ్చి పెట్టేశాను."

ఎవరైనా ఒక్క దెబ్బ వేస్తే బాగుండుననిపించింది దానికి. అమ్మ తల దించుకుంది. "ఊరికే మిమ్మల్ని అన్నాను అత్తయ్యా," అంది.

నానమ్మ పిట్టని దగ్గరికి లాక్కుంది. "పీట ఉందా అన్నాను, ఉందన్నావు. నీ కాళ్ల కిందైనా ఉంది కదే! ఎక్కడుందో అడక్కపోవడం నా తప్పు."

నాన్నకి నవ్వాగలేదు. పిట్టకి మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. నానమ్మ కొంగు తడిసిపోయేలా ఏడ్చింది.

"రేపట్నుంచి మళ్లీ ఇదే చూసి చెబుతుందిరా నాకు," అంది నానమ్మ కొడుకుతో. నాన్న పిట్ట వంక చూసి, సరేనన్నాడు.

మర్నాడు సాయంత్రం పిట్ట వరండాలో గోడకి బంతి కొట్టి పట్టుకుంటోంది.

"పీట ఉందా?"

"ఉం..." అంటూనే నాలుక కరుచుకుంది. బంతి ఎటు దొర్లిపోయిందో చూడలేదు. పరుగున లోపలికొచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చుంది. పీటని రెండు చేతులతో కదిపి చూసింది. కాస్త ముందుకి జరిపింది.

"ఇప్పుడు ఉంది నానమ్మా," అంది.

నానమ్మ పాదం పీట మీద ఆనేదాకా ఆ చేతులు తియ్యలేదు.